అంటుకి అటుపక్క

పొద్దున్నే లేచి మొహమైనా కడుక్కోకుండా జిగురక్క చేసే మొదటి పని ముసలిదాన్ని పలకరించడం. ముసలిదంటే మనిషి కాదు, చెట్టు. నర్సరీ వెనకవైపు పచ్చవల పందిరి కింద, సిమెంటు దిమ్మ మీద కూర్చున్న జువ్వి చెట్టు. ఎత్తు మనిషి మోకాలి దాకా కూడా రాదు. మొదలు మాత్రం గుమ్మడికాయంత లావు. ముడతలు పడి, ఎవరో పగబట్టి నలిపినట్టు ఉంటుంది. పెద్దగా ఎదగాల్సిన చెట్టుని కుండీలో కుక్కి, కొమ్మలకి తీగ చుట్టి, తలెత్తిన ప్రతిసారీ తుంచి, చిన్నదిగా ఉంచి అమ్ముకోవడమే ఈ నర్సరీ వ్యాపారం. బోన్సాయ్ అంటారు. కొనడానికి వచ్చినవాళ్ళు చూసి "ఎంత ముద్దుగా ఉందో!" అంటారు. తుంచే చేతిని ఎవరూ చూడరు.

ముసలిదానికి ఒక్కటే లోపం, ఎడమపక్క బోడి. అక్కడొక కొమ్మ ఉంటే ఇక వంక పెట్టడానికేమీ ఉండదు. అందుకని మొన్న ఎండలు మండిపోతున్నప్పుడు, జువ్వి ఒంట్లో పాలు పొంగుతున్న రోజుల్లో, జిగురక్క అంటు కట్టింది. ముసలిదాని మొదలుకి గాడి కోసి, పక్కన చిన్న కుండీలో పెరుగుతున్న పిల్లమొక్క నడుముకి చెక్కు తీసి, గాయానికి గాయం ఆనించి టేపు బిగించింది. పిల్లమొక్క తన కుండీలో తన వేర్లతోనే బతుకుతుంటుంది. తల మాత్రం ముసలిదాని ఒంటిని ఒరుసుకుంటూ అటుపక్కకి పోతుంది. గాయాలు రెండూ కలిసిపోయాక పిల్లమొక్కని అంటుకి కిందగా కోసేస్తారు. తల ముసలిదానికి కొమ్మవుతుంది. మొండెం పెంటకుప్పలోకి పోతుంది.

కలిసిందో లేదో ఆకుని చూస్తే తెలియదు. పిల్లమొక్క వేర్లు నీళ్ళు తాగుతున్నంతకాలం ఆకు పచ్చగానే నవ్వుతుంది. జిగురక్క బొటనవేలూ చూపుడువేలూ కలిపి అంటుకి ఇటుపక్క ఒకసారి పట్టుకుంటుంది, అటుపక్క ఒకసారి పట్టుకుంటుంది. కలిస్తే ముసలిది కూడా తిండి పెడుతుంది, అటుపక్క లావెక్కుతుంది. వేళ్ళ మధ్య సందు పెరుగుతుంది. పాలు అంటి అంటి జిగురు పట్టి, ఏ సబ్బుకీ వదలని ఆ వేళ్ళని చూసే ఆమెకి ఆ పేరు వచ్చింది. ఆ వేళ్ళ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. యజమాని కోడలికి నేర్పమన్నవన్నీ నేర్పింది. ఇదొక్కటీ నేర్పలేదు.

ఈసారి అటుపక్క లావెక్కలేదు. వానలు ముందే దిగి ఎండని మింగేశాయి. ఇప్పుడు చలి దిగింది. కుండీ అంచు తాకితే చెయ్యి జివ్వుమంటోంది.

వెనక నుంచి కిచకిచమని చప్పుడు. వెనక్కి తిరగక్కర్లేదు. నర్సరీ యజమానిని పనివాళ్ళు చాటున కత్తెరయ్య అంటారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఆయనకి చిన్న కత్తెర ఉంటుంది. నోరు తెరిస్తే అది చేతిలోకి వస్తుంది. మాట్లాడినంతసేపూ గాలిని కత్తిరిస్తుంటాడు. గాలి చాలకపోతే దగ్గర్లో ఉన్న ఆకు.

"ఏమే జిగురూ, కలిసిందా?"

"ఇంకా లేదయ్యా."

"ఇంకా లేదా! నేనడిగినప్పుడల్లా అదే మాట. నీ నోట్లో ఇంకో మాట లేదా?"

"చలి పట్టేసింది కదయ్యా. ఇక ఇది కదలదు. మళ్ళీ ఎండలు ముదిరితేనే. ఇప్పుడు కోస్తే కొమ్మ పోతుంది."

"ఎండలు ముదిరాక." కత్తెర ఆగింది. "అంటే అప్పటిదాకా నువ్విక్కడే ఉంటావు. మీ ఆయన దగ్గుతూ ఆ గదిలోనే పడుంటాడు. బాగుందే లెక్క! నీతో చెప్పాను గుర్తుందా? ఈ అంటు కోసిన రోజే నీకు ఆఖరి రోజని?"

"గుర్తుందయ్యా."

"మా కోడలు నేర్చుకుంది. తీగ చుడుతోంది, చిగురు తుంచుతోంది. ఇంట్లో మనిషుండగా బయటి మనిషెందుకు?"

ఇంట్లో మనిషంటే జీతం అడగని మనిషి. ఆ మాట అలా అనరు, ఇలా అంటారు.

"నా రోజుల కోసం చెప్పట్లేదయ్యా. నిజంగా కలవలేదు."

"నువ్వు కాక ఇంకెవరు చెప్పినా నమ్మేవాణ్ణే." కత్తెరయ్య నవ్వాడు. "ఆదివారం హోటలువాళ్ళొస్తారు. కొత్త హోటలు, హాలు మధ్యలో పెట్టుకుంటారట ముసలిదాన్ని. అంటు కోసి, ఆ నీలం పళ్ళెం కుండీలోకి మార్చి ఉంచాలి. రెండూ ఒకేసారి."

"కుండీ కూడానా? ఈ చలిలో వేరు కోస్తే..."

"కోస్తే?"

జిగురక్క గొంతు తగ్గించింది. "పోనీ, మమ్మల్నైనా ఎండలొచ్చాక పంపండయ్యా. ఆయనకి దగ్గు. ఈ చలిలో ఏ గోడ పక్కన పడుకోబెట్టను?"

"చెట్టుకైతే వేర్లుంటాయే, కాలం చూడాలి. నీకేమున్నాయి, రెండు ట్రంకుపెట్టెలు!" అని, ముసలిదాని మీంచి పండుటాకు ఒకటి కిచుక్కున కత్తిరించి, దాన్ని చూస్తూ వెళ్ళిపోయాడు.

ఆమె గది మట్టి జల్లించే షెడ్డు వెనక ఉంది. గోడకి అవతలే ఇటుకముక్కల గుట్ట. గాలి వీస్తే ఎర్రటి ధూళి కిటికీలోంచి వచ్చి మంచం మీద పడుకుంటుంది. ఆమె మొగుడు మొక్కలకి నీళ్ళు పట్టే మనిషి, అందరూ నీళ్ళాయన అంటారు. సాయంత్రం పని ముగిసి ఆమె గదిలోకి వచ్చేసరికి అతను అప్పుడే ఒక ట్రంకుపెట్టె మంచం కిందనుంచి లాగి, పైన దుమ్ము తుడుస్తున్నాడు.

"తొందరేమిటయ్యా నీకు? ఇంకా వెళ్ళమనలేదు."

"వెళ్ళమనే మనిషి మొహం నాకు తెలుసులే." దగ్గు తెర వచ్చింది. అది ఆగేదాకా పెట్టె మూత పట్టుకుని వంగి ఉన్నాడు. ఆగాక నవ్వాడు. "ఈ దగ్గుని కూడా పెట్టెలో పెట్టుకుపోవాలా, ఇక్కడే వదిలెయ్యచ్చా? గది అద్దెకి జమ వేసుకోమంటాను."

ఆమె నవ్వలేదు. గోడకి ఆనుకుని కూర్చుని అరచేతిలో ఎండిన పాలు గోటితో గీకుతోంది. నల్లటి పొరలు చుట్టలు చుట్టుకుని రాలుతున్నాయి.

"నిజం చెబితే నమ్మడు. నా స్వార్థమంటాడు."

"స్వార్థమేగా."

"స్వార్థమే. అయితే మాత్రం అబద్ధమవుతుందా?"

నీళ్ళాయన తుడిచే గుడ్డ పక్కన పెట్టాడు. "మరి ఆ పిల్లకి చెప్పరాదూ? చిన్నమ్మకి. ఆ పిల్ల చెబితే వింటాడేమో మావగారు. పాపం, ఆ పిల్ల నీకేం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు. వచ్చి నా చోట్లో నిలబడింది. చాలదా?"

"తనంతట తను నిలబడిందా? ఆయన నిలబెట్టాడు."

"ఆయన్ని నేనేం చెయ్యగలను?" అంది జిగురక్క.

ఈ లోకంలో సగం దుర్మార్గం ఆ ఒక్క మాట మీద నడుస్తోంది. పైవాణ్ణి ఏమీ చెయ్యలేం కాబట్టి పక్కవాణ్ణి చేస్తాం. నీళ్ళాయన ఆమె మొహం చూశాడు. పెట్టెని మళ్ళీ మంచం కిందికి తోశాడు. పూర్తిగా తొయ్యలేదు. సగం బయటే ఉంది.

మర్నాడు కత్తెరయ్య ముందు హాల్లో ఒక కుటుంబానికి బోన్సాయ్ గురించి ఉపదేశం చేస్తున్నాడు. కొనడానికి వచ్చిన మొగుడూ పెళ్ళాలు, వాళ్ళ మధ్యలో ఒక అత్తగారు. కత్తెర గాల్లో ఆడుతోంది.

"ఫైకస్, అదే మన జువ్వి, అంటే బతికున్న జీవమండీ. వేరు ముట్టుకోవడానికి ఒక కాలముంది. ఎండ కాలుస్తున్నప్పుడు, కొత్త చిగురు పరుగులు తీస్తున్నప్పుడు, అప్పుడే కుండీ మార్చాలి. అంటూ అప్పుడే. చలిలో ముట్టుకున్నారో, మహాపాపం! నిద్రపోయే పసిపాప చేతులు కోసినట్టు."

"అబ్బ, ఎంత ప్రేమో!" అంది అత్తగారు.

పందిరి కింద తీగలు చుట్టే ముసలాయన, తీగతాత, ఆ మాట విని పళ్ళులేని నోటితో కిసుక్కున నవ్వాడు. "ఆయన ప్రేమ తగిలితే నాకూ తీగ చుట్టాలనుకుంటాడే, నడుం వంగిందని" అని గొణిగాడు. మామూలుగా అయితే జిగురక్క కూడా నవ్వేది.

కోడలు వచ్చింది. సన్నటి పిల్ల, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, చేతిలో వేర్లు దువ్వే కొక్కెం, బ్రష్షూ. ఈ ఇంటికి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. వచ్చిన మొదటి వారమే మావగారు వెనక పందిట్లోకి తీసుకొచ్చి "నీ పుట్టింటివాళ్ళు నీకేమీ నేర్పలేదు, ఇదైనా నేర్చుకో" అన్నాడు. మొగుడు ముందు కౌంటరు దగ్గర ఫోను చూసుకుంటూ ఉంటాడు. పెళ్ళాం వైపు చూడాల్సి వస్తే విసుక్కుంటాడు. ఆమె వేళ్ళ సందుల్లో జువ్విపాలకి పొక్కులు లేచాయి. వాటి మీద గుడ్డముక్కలు చుట్టుకుంది.

ముసలిదాని ముందు చతికిలబడి చాలాసేపు చూసింది. తర్వాత తల తిప్పకుండానే అడిగింది.

"అక్కా, మావయ్య రేపు నన్ను కొయ్యమన్నారు. కలిసిందా?"

జిగురక్క చేతిలో చిన్న కుండీ ఒకటి ఉంది. అందులో మట్టి సర్దుతోంది. సర్దిన మట్టినే మళ్ళీ సర్దింది. ఒక్క మాట. 'లేదు' అంటే చాలు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. అదే గొంతులో రెండు ట్రంకుపెట్టెలు అడ్డంగా పడున్నాయి.

"ఆకు పచ్చగానే ఉంది కదమ్మా" అంది.

"పచ్చగా ఉంటే కలిసినట్టేనా?"

"మీ కళ్ళకెలా కనిపిస్తే అలాగే. నేర్చుకున్నారు కదా."

కోడలు అప్పుడు ఆమె వైపు తిరిగింది. మొహంలోకి చూడలేదు. కిందికి, ఆమె చేతుల్లోకి చూసింది. బొటనవేలినీ చూపుడువేలినీ. అలా చూస్తుంటే జిగురక్కకి ఎందుకో ఒళ్ళు మండింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

"సరే అక్కా" అంది కోడలు.

ముందు హాల్లోంచి కత్తెరయ్య కేక వేశాడు. "ఏమ్మా, ముచ్చట్లా? చేతులు కూడా కదలాలి. మీ ఇంట్లో నోటితోనే వంట చేసేవారా?"

కొనడానికి వచ్చిన అత్తగారు కూడా నవ్వింది.

కోసిన పొద్దున మంచు ఇంకా పోలేదు. పందిరి వల మీంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది. కత్తెరయ్య శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు. నీలం పళ్ళెం కుండీ సిద్ధంగా ఉంది. అడుగున జాలీ పెట్టి, తీగలు దూర్చి, గులకరాళ్ళు పరిచింది జిగురక్క. తన పని తను చక్కగా చేసింది. చెయ్యకుండా ఉండటం ఆమె చేతులకి రాదు.

"కొయ్యమ్మా. ముందు అంటు. తర్వాత వేర్లు."

కోడలు కత్తెర తీసుకుంది. చెయ్యి వణకలేదు. జిగురక్క అది గమనించింది. మొదటిసారి అంటు కోసే మనిషికి చెయ్యి వణకాలి, తనకి వణికింది. ఈ పిల్ల మాత్రం అంటుకి కిందగా, పిల్లమొక్క నడుము దగ్గర, కూరగాయ తరిగినట్టు ఒక్క వేటున కోసేసింది. కిందిముక్కలోంచి పాలు బుస్సున పొంగి కుండీ మీదుగా కారాయి. పైముక్క మొనన ఒక్క తెల్లటి చుక్క నిలిచింది. అంతే. ఇంకోటి రాలేదు.

"చూశావా జిగురూ?" కత్తెరయ్య కుర్చీలో ముందుకి వంగాడు. "పచ్చగా ఉంది. కలవలేదన్నావు."

జిగురక్క కొక్కెం అందుకుంది.

ముసలిదాన్ని పాత కుండీలోంచి లేపారు. వేర్ల ముద్ద గడ్డకట్టిన చద్దిలా వచ్చింది. కొక్కెంతో దువ్వి, చిక్కులు విప్పి, పళ్ళెంలో పట్టేదాకా చుట్టూ కోసుకుంటూ పోయింది జిగురక్క. ఎండాకాలమైతే కోసిన వేరు తెల్లగా, తడిగా, ఉడుకుగా ఉంటుంది. ఇది చల్లగా, రబ్బరుముక్కలా ఉంది. కోసిన చోటల్లా వెలవెలబోయింది. నీళ్ళాయన గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు పోయమంటే పోశాడు. మధ్యలో దగ్గొస్తే అవతలికి తిరిగి దగ్గాడు.

"ఆ మొండెం పారెయ్యి" అన్నాడు కత్తెరయ్య పిల్లమొక్క కుండీని చూపిస్తూ.

"నేను పారేస్తాను మావయ్యగారూ" అని కోడలు ఆ చిన్న కుండీ ఎత్తుకుని షెడ్డు వెనక్కి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు చేతులు ఖాళీ.

పనంతా అయ్యాక కత్తెరయ్య లేచి శాలువా దులుపుకున్నాడు. "హోటలువాళ్ళు పట్టుకెళ్ళిన మర్నాడు గది తాళం నాకివ్వాలి" అన్నాడు జిగురక్కతో. తర్వాత, దయగల మనిషి కాబట్టి, ఇంకో మాట కూడా చేర్చాడు. "పాత కుండీ ఏదైనా కావాలంటే తీసుకుపో. పగుళ్ళున్నది."

ఆ రాత్రి జిగురక్కకి నిద్ర బాగానే పట్టింది. అదే ఆమెకి తర్వాత గుర్తొచ్చి సిగ్గేసింది.

కొమ్మ వాలడానికి ఎక్కువసేపు పట్టలేదు. మర్నాటికి చివరి ఆకు ముడుచుకుంది. ఆ మర్నాటికి కొమ్మంతా తడిగుడ్డలా వేలాడింది. హోటలువాళ్ళు వచ్చే పొద్దుటికి ముసలిది కూడా మొదలుపెట్టింది. పసుపు రంగు తిరిగిన ఆకులు గాలి లేకుండానే టపటపా రాలుతున్నాయి. నీలం పళ్ళెం చుట్టూ, సిమెంటు దిమ్మ మీదా ఆకులే. వేరు కోసినందుకు రాలుతున్నాయవి. అంటు తప్పినందుకు కాదు. జిగురక్కకి తెలుసు. తీగతాతకి తెలుసు. ముందు హాల్లో కొనేవాళ్ళకి మహాపాపమని చెప్పే మనిషికి ఇంకా బాగా తెలుసు.

హోటలు మేనేజరు సూటు వేసుకుని వచ్చాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. వాలిన కొమ్మని వేలితో ఎత్తి వదిలాడు. అది మళ్ళీ వాలింది. "మాకు బతికున్నది కావాలండీ" అని కారెక్కాడు. కారు వీధి మలుపు తిరిగేదాకా కత్తెరయ్య గేటు దగ్గరే నిలబడి నవ్వుతూ చెయ్యి ఊపాడు. తర్వాత వెనక్కి వచ్చాడు. నవ్వు అలాగే ఉంది, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

"అందరూ రండి."

వచ్చారు. తీగతాత, నీళ్ళాయన, జిగురక్క, కౌంటరు దగ్గర్నుంచి కొడుకు ఫోనుతో సహా. కోడలు అప్పటికే పందిరి గుంజ పక్కన నిలబడి ఉంది.

"ఎవరు కోశారు?"

"నేనే మావయ్యగారూ."

"కలిసిందని ఎవరు చెప్పారు?"

కోడలు జిగురక్క వైపు చూసింది. నేరం మోపే చూపు కాదు. ఏదో అడుగుతున్న చూపు. ఆ చూపుని జిగురక్క ఒక్క క్షణం కూడా మోయలేకపోయింది.

"నేనేం చెప్పలేదయ్యా!" అంది. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "నేను మొదట్నుంచీ కలవలేదనే చెప్పాను. మీకే చెప్పాను."

"చెప్పింది" అన్నాడు కత్తెరయ్య. "నిజమే, చెప్పింది. పరాయి మనిషికున్న బుద్ధి ఇంట్లో దానికి లేదు."

ముసలిదాని దగ్గరికి వెళ్ళి వాడిన కొమ్మని పట్టి లాగాడు. టేపులోంచి ఇట్టే ఊడొచ్చింది. గాయానికి గాయం ఎక్కడా అంటలేదు. ఆ కొమ్మ పట్టుకుని కోడలి దగ్గరికి వచ్చి, ఆమె తల పట్టి తిప్పి, ముడిలో దాన్ని గుచ్చాడు. జాగ్రత్తగా, బోన్సాయ్‌కి కొమ్మ సర్దినట్టు సర్ది, ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు.

"నువ్వు కోసిన కొమ్మే కదా. సింగారించుకో. ఎలా ఉందిరా?"

కొడుకు ఫోను మీంచి తలెత్తాడు. పెళ్ళాన్ని చూసి పక్కున నవ్వాడు. తర్వాత ఫోను పైకెత్తి ఒక ఫోటో తీసుకున్నాడు.

వాడిన ఆకులు ఆమె చెవి మీద పడి ఉన్నాయి. కోడలు చెయ్యెత్తలేదు. తియ్యలేదు.

"మళ్ళీ ఎండలొచ్చేదాకా అంటూ లేదు, తీగా లేదు నీకు. మట్టి జల్లించు. పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా. ఆ కొమ్మ రాలిపోయేదాకా తలలోనే ఉండాలి." కత్తెరయ్య జిగురక్క వైపు తిరిగాడు. "ఏమే జిగురూ, ఎండాకాలం నువ్వే మళ్ళీ అంటు కట్టాలి. గదిలోనే ఉండు. దీని మీద కన్నేసి ఉంచు. చెయ్యి ఆగిందా, నాకొచ్చి చెప్పాలి. చెప్పకపోయావో, ఆ ట్రంకుపెట్టెలు ఎక్కడున్నాయో నాకు తెలుసు." దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నీకు ముందే తెలుసు కదే? తెలిసీ దానికి చెప్పకుండా ఊరుకున్నావు. పర్లేదు. నేనైనా అంతే చేసేవాణ్ణి. నువ్వు నా మనిషివి."

జిగురక్కకి కోరుకున్నదంతా దొరికింది. ఆ మెచ్చుకోలు ఒంటి మీద జువ్విపాలలా పడింది. ఎంత తుడిచినా పోయేది కాదు.

షెడ్డులో జల్లెడ పెద్దది. చెక్క చట్రానికి ఇనుపవల కొట్టి, పైనుంచి గొలుసులతో వేలాడదీశారు. కుండీ మట్టిలో కలిపే ఇటుకముక్కలూ గులకరాళ్ళూ పారతో ఎత్తి పొయ్యాలి. ముందుకీ వెనక్కీ తొయ్యాలి. తోసినప్పుడల్లా గరగరమని చప్పుడు. ఆ చప్పుడు ముందు వరండాలో కుర్చీ దాకా వినిపిస్తుంది. జల్లెడని అక్కడ కట్టించింది అందుకే.

వారం రోజులుగా కోడలు తోస్తోంది. ఎర్రధూళి ఆమె కనురెప్పల మీద కూర్చుంది. ముడిలోని కొమ్మ ఎండి గలగలమంటోంది. జిగురక్క గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది, కాపలా. చేతిలో పని లేకుండా కూర్చోవడం ఆమెకి అలవాటు లేదు. గోళ్ళు గీక్కుంటోంది.

"నీళ్ళు తాగండమ్మా" అంది.

"వద్దులే. చప్పుడు ఆగుతుంది."

జల్లెడ నాలుగైదుసార్లు ఇటూ అటూ పోయింది. ఈసారి జిగురక్క పీట ముందుకి జరుపుకుంది.

"అది కాదు చిన్నమ్మా. నేను చెప్పాల్సింది. కలవలేదని మీతో చెప్పాల్సింది. నా గది గురించి..."

"నాకు తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"కలవలేదని." కోడలు తోస్తూనే ఉంది. చప్పుడుకి అటూ ఇటూ మాటలు విరిచి పడేస్తోంది. "నువ్వు రోజూ పొద్దున్నే వచ్చేదానివి కదా. మొహం కూడా కడుక్కోకుండా. ఇటుపక్క పట్టుకుని చూసేదానివి, అటుపక్క పట్టుకుని చూసేదానివి. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. అటు పట్టుకున్నప్పుడు నీ వేళ్ళ మధ్య సందు పెరగలేదు. ఒక్క రోజు కూడా పెరగలేదు. ఎందుకు చూస్తోందా అని నేనూ పట్టుకుని చూశాను. అర్థమైంది."

జిగురక్క గోళ్ళు గీకడం ఆపింది.

"మరి ఎందుకు కోశారు?" అంది.

"కలవలేదంటే ఆయన ఎలాగూ వినడు. కోశాక కొమ్మ బతికిందనుకో. అప్పుడు నువ్వు పోతావు. నేను ఉంటాను, ఈ పందిట్లో, పొద్దున్నుంచి రాత్రి దాకా, జీతం లేకుండా, సెలవు లేకుండా. కొమ్మ పోతేనే నువ్వుంటావు. నువ్వుంటే నాకు ఊపిరాడుతుంది." పార తీసుకుని ఇంకో గంప ఇటుకముక్కలు పోసింది. "నీ మీద జాలి పడి కాదులే. నా కోసమే. ఇద్దరికీ పనికొస్తుందనుకున్నాను. ఆయన అడిగినప్పుడు 'కలిసిందనే ఇద్దరం అనుకున్నాం, పొరపాటు పడ్డాం' అంటావనుకున్నాను. ఇద్దరిని ఒకేసారి ఏం చేస్తాడు? ఇద్దరు లేకపోతే ఈ నర్సరీ ఎవరు నడుపుతారు?"

గరగర. గరగర.

"అడుగుదామనే నీ వైపు చూశాను. నువ్వు ముందే చెప్పేశావు."

జిగురక్క లేచింది. ఎక్కడికి వెళ్తోందో తెలియక నీళ్ళడ్రమ్ము వైపు నడిచింది. డ్రమ్ము వెనక, గోడకీ డ్రమ్ముకీ మధ్య, ఎండ కాస్త పడే చోట చిన్న కుండీ కనిపించింది. పిల్లమొక్క మొండెం. కోసిన చోట పాలు ఎండి నల్లటి బిళ్ళ కట్టింది. దాని కింద ఈనెపుల్ల మొనంత ఎర్రటి చిగురు పొడిచింది. దాని వేర్లని ఎవరూ ముట్టుకోలేదు కదా.

"పారేస్తానన్నారు" అంది జిగురక్క.

"ఎండాకాలం నువ్వు మళ్ళీ అంటు కట్టడానికి ఏదో ఒకటి కావాలిగా" అంది కోడలు. చేతులు సాగడం లేదు. వేళ్ళకి చుట్టిన గుడ్డలు ఎర్రగా తడిసి ఉన్నాయి. ధూళి ఎరుపు కాదది. జల్లెడ ముందుకి పోయి, వెనక్కి రాలేక, గొలుసు మీద ఊగి, ఆగిపోయింది.

షెడ్డులో ఒక్కసారి నిశ్శబ్దం. వరండాలో కత్తెర గాలిని కత్తిరిస్తున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది.

"ఏమే జిగురూ!" కత్తెరయ్య గొంతు. "చప్పుడు ఆగిందేం? ఆపేసిందా అది?"

కోడలు మళ్ళీ చట్రం పట్టుకోబోయింది. జిగురక్క వచ్చి ఆ రెండు చేతుల మీదా తన జిగురు చేతులు వేసి నొక్కిపెట్టింది. కోడలి ముడిలోంచి ఎండుకొమ్మని లాగి గుట్ట మీదికి విసిరింది. గుమ్మంలో నీళ్ళాయన గొట్టం చేత్తో పట్టుకుని నిలబడి ఆమె మొహంలోకి చూశాడు. గదిలో సగం బయటికున్న పెట్టె ఆమెకి గుర్తొచ్చింది. చలి కూడా గుర్తొచ్చింది.

"నిన్నే! ఎవరాపారు?"

"నేనే ఆపమన్నాను!" అని అరిచింది జిగురక్క. "ఇద్దరం ఆపాం!"

వరండాలో కత్తెర చప్పుడు ఆగింది. చెప్పుల చప్పుడు మొదలైంది.